లక్షల కారు.. లీటరుకు పది కిలోమీటర్లు!

డ్రైవరును, బంకును నిందించే ముందు లెక్క చూసుకోవాలి

నెల్లిమర్ల : జూట్ మిల్లు ఊరుగా పేరుపడిన నెల్లిమర్లలో ఒకప్పుడు కారు అంటే అంబాసిడరే. లీటరుకు ఎంత ఇస్తుందని దానిని ఎవరూ గట్టిగా అడిగేవారు కాదు. తాగినంత తాగేది, మోసినంత మోసేది. ఆ అంబాసిడర్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఇప్పుడు మిమ్స్ వైద్య కళాశాల వైపు, విజయనగరం రోడ్డు మీద తిరిగే వాటిలో ఖరీదైన కొత్త సెడాన్లు కూడా కనిపిస్తున్నాయి. తోలు సీట్లు, దానంతటదే మారే గేర్లు, అద్దం మీద అంకెలు చూపే కంప్యూటరు. అన్నీ ఉన్నాయి. కాని కొన్న మూడు నెలలకే యజమానుల నోట ఒకే మాట వినిపిస్తున్నది. కాగితం మీద లీటరుకు 16 కిలోమీటర్లు అన్న కారు చేతికి వచ్చేసరికి 10 మాత్రమే ఇస్తున్నదని వారి బాధ.

ఏనుగును కొన్నవాడు మేతకు ఏడవకూడదని ఎవరైనా ఎగతాళి చేయవచ్చు. అయితే ఇది కేవలం డబ్బున్నవారి గోడు అనుకుంటే పొరపాటే. కారు ఆయిలు ఎక్కువ తాగుతున్నదనగానే ఇంట్లో మొదటి అనుమానం పడేది కారు మీద కాదు, డ్రైవరు మీద.

"ఏటి, మొన్న కొట్టించిన ఆయిలు అప్పుడే అయిపోయిందేటి?" అని యజమాని అడుగుతాడు. "నానేటి తాగీసినానేటి బాబూ!" అని డ్రైవరు నొచ్చుకుంటాడు. మాట అక్కడితో ఆగదు. ఆయిలు అమ్ముకుంటున్నాడన్న నింద ఒకసారి పడిందంటే చిన్న ఊళ్లో మరో బండి తాళం అతని చేతికి రావడం కష్టం. డ్రైవరు మీద కాకపోతే బంకు మీద, బంకు మీద కాకపోతే షోరూము మీద అనుమానం పోతుంది. అసలు ఆ ఆయిలు ఎక్కడికి పోతున్నదో కొలిచి చూసేవారు మాత్రం తక్కువ.

ముందు కొలత సరిగా ఉండాలి

కారులో కనిపించే సగటు అంకెను వేదవాక్కుగా తీసుకోరాదు. ఇంజనులోకి ఎంత ఇంధనం చిమ్మినదీ కంప్యూటరు తన లెక్కతో చెబుతుందే గాని కొలపాత్రతో కొలిచి చెప్పదు. అది నిజానికి కొంచెం అటుగానో ఇటుగానో ఉంటుంది. అయిదువందల రూపాయలకు కొట్టించి, ముల్లు కిందికి దిగేదాకా తిరిగి, ఇంత ఇచ్చిందని చెప్పే పద్ధతి అంతకంటె తప్పు.

సరైన పద్ధతి పాతదే. ట్యాంకు నిండా కొట్టించాలి. గన్ను దానంతటది టక్కున ఆగిన చోటే ఆపాలి. ఇంకొంచెం, ఇంకొంచెం అని మూతి దాకా పోయించరాదు. అప్పుడు మీటరు అంకె రాసుకోవాలి. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపించాలి. రెండోసారి పట్టిన లీటర్లే నడిచిన దూరానికి ఖర్చయినవి. 412 కిలోమీటర్లు తిరిగితే 38 లీటర్లు పట్టిందనుకుంటే లీటరుకు 10.8 కిలోమీటర్లు వచ్చినట్లు. ఒకసారి చూసి తేల్చకూడదు. వరుసగా మూడుసార్లు చూస్తే తప్పు తగ్గుతుంది.

టైర్లు మార్పించిన కార్లకు ఇంకొక చిక్కు ఉన్నది. కంపెనీ ఇచ్చిన దానికంటె పెద్ద చుట్టు ఉన్న టైరు వేస్తే చక్రం తక్కువసార్లు తిరిగి ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం తక్కువ దూరమే చూపిస్తుంది. కారు బాగానే ఇస్తున్నా లెక్కలో మైలేజి తగ్గినట్లు కనబడుతుంది.

కాగితం మీది 16 ఎక్కడిది?

కంపెనీలు ప్రకటించే అంకె అబద్ధం కాదు. అలాగని అది మన రోడ్డు అంకె కూడా కాదు. ఇన్నేళ్లుగా మన దేశంలో ఆ పరీక్షను ప్రయోగశాలలో, రోలర్ల మీద కారు చక్రాలను తిప్పుతూ చేశారు. దాదాపు 20 నిమిషాలపాటు ముందే నిర్ణయించిన వేగాలలో నడుపుతారు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ వేయరు. ఎదురుగాలి లేదు, గేదె అడ్డం రాదు, స్పీడు బ్రేకరు ఉండదు. ఒక కారును మరొక కారుతో పోల్చి చూడడానికి ఆ అంకె పనికివస్తుంది. నెల ఖర్చు వేసుకోవడానికి పనికిరాదు.

అంకెలను పెంచి చెప్పిన కంపెనీలు ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో హ్యుండాయ్, కియా కంపెనీలు లక్షలాది కార్ల మైలేజిని ఎక్కువ చేసి చూపినట్లు 2012లో బయటపడింది. 2014లో ఆ రెండు కంపెనీలు అక్కడి ప్రభుత్వానికి 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి. జపాన్‌లో మిత్సుబిషి కంపెనీ కూడా 2016లో ఇదే తప్పును ఒప్పుకున్నది. కాబట్టి అనుమానించడం తప్పు కాదు. అయితే అనుమానానికి ఆధారం కావాలి.

ఒక్క ప్రయాణంతో సగం తేలుతుంది

కారులో లోపమా, వాడకంలో లోపమా అన్నది తేల్చడానికి ఒక సులువైన దారి ఉన్నది. ట్యాంకు నింపించి, ఒక తెల్లవారుజామున కారును విశాఖపట్నం తీసుకుపోయి రావాలి. రానుపోను నూట ముప్పై, నలభై కిలోమీటర్లు అవుతుంది. దారి బాగున్నంత మేర వేగం 80 దగ్గర నిలకడగా ఉంచాలి. తిరిగి వచ్చి అదే పంపు దగ్గర నింపించాలి.

ఆ ప్రయాణంలో లీటరుకు 15, 16 వచ్చిందంటే కారు ఆరోగ్యంగానే ఉన్నది. ఊళ్లో తిరిగే తిరుగుడే ఆయిలు తాగుతున్నది. పెద్ద రోడ్డు మీద కూడా 10, 11 దాటకపోతే మాత్రం కారులో ఏదో రోగం ఉన్నట్లే. అప్పుడు మెకానిక్కు దగ్గరకు పోవాలి. ఈ పరీక్ష చేయకుండా ముందే విడిభాగాలు మార్పించడం జ్వరం చూడకుండా మందు మింగించడం వంటిది.

అయితే వేగం విషయంలో ఒక జాగ్రత్త. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు మీద పడే గాలి ఒత్తిడి 110కి చేరేసరికి దాదాపు రెట్టింపవుతుంది. జాతీయ రహదారి ఎక్కగానే 110, 120 లో పరుగెత్తించి, ఇక్కడ కూడా మైలేజి రాలేదని వాపోతే ఆ తప్పు కారుది కాదు.

నిలబెట్టి తాగించే ఆయిలు

నెల్లిమర్ల నుంచి విజయనగరానికి దాదాపు పది కిలోమీటర్లు. రామతీర్థానికి నాలుగైదు. ఇక్కడి కారు రోజంతా తిరిగినా ఎక్కువగా తిరిగేది ఈ చిన్న చిన్న దూరాలే. యజమాని దుకాణంలోకో, ఆస్పత్రిలోకో, పెళ్లి మండపంలోకో పోతాడు. డ్రైవరు ఏసీ వేసుకొని ఇంజను ఆపకుండా కూర్చుంటాడు. వేసవిలో అయితే యజమానే ఆపవద్దంటాడు. తిరిగి వచ్చేసరికి కారు చల్లగా ఉండాలి కదా!

నిలబడి ఉన్న కారు ఇంజను గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా పెట్రోలు తాగుతుంది. ఇంజను సైజును బట్టి, ఏసీ వాడకాన్ని బట్టి ఇది మారుతుంది. ఆ సమయంలో కారు నడిచిన దూరం సున్న. మైలేజి లెక్కలో లీటర్లు పెరుగుతాయి, కిలోమీటర్లు పెరగవు.

ఎండ కూడా తన వాటా తీసుకుంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల పొయ్యిలా ఉంటుంది. దానిని చల్లబరచడానికి మొదటి పది నిమిషాలు ఏసీ పూర్తి బలంతో పని చేయాలి. పది నిమిషాల్లో ప్రయాణమే ముగిసిపోతే ఆ ఖర్చంతా ఆ చిన్న దూరం మీదే పడుతుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజి పాతిక శాతం పైగా కూడా తగ్గవచ్చునని అమెరికా ఇంధన శాఖ చెబుతున్నది. ఎక్కే ముందు తలుపులు తీసి వేడిగాలిని బయటకు పోనివ్వడం, చెట్టు నీడన నిలపడం చిన్న పనులే గాని ఫలితం చిన్నది కాదు.

స్పీడు బ్రేకరు ఖరీదు 20 మిల్లీలీటర్లు

ఖరీదైన సెడాను బరువు మనుషులతో కలిపి దాదాపు 1,700 కిలోలు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న అంత బరువును బ్రేకు వేసి ఆపితే ఆ వేగానికి ఖర్చు పెట్టిన శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ 50కి చేరడానికి ఇంచుమించు 20 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే 50 సార్లు అలా ఆగి లేస్తే ఒక లీటరు ఖర్చయినట్లు.

ఊరి మొదట ఒకటి, బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి అంటూ వేసుకున్న స్పీడు బ్రేకర్లు ప్రాణాలు కాపాడడానికే. వాటిని తీయించలేము. కాని ముందే చూసి కాలు ఎత్తి, నెమ్మదిగా దిగి, నెమ్మదిగా ఎక్కించే డ్రైవరు ఆ ఖర్చులో సగం మిగులుస్తాడు. బ్రేకరు ముందు దాకా దూకించి, గట్టిగా ఆపి, మళ్లీ ఎగదోసేవాడు పూర్తిగా కట్టవలసిందే. ఈ కార్లలో ఉండే టర్బో ఇంజను మెల్లగా నడిపితే పొదుపరి, కాలు గట్టిగా పెడితే తాగుబోతు. 'స్పోర్ట్' అన్న మీట నొక్కి ఊళ్లో తిరిగేవారికి మైలేజి అడిగే హక్కు లేదనే చెప్పాలి.

పెట్రోలే మారింది

ఇక అందరి నోళ్లలో నానుతున్న విషయం ఇథనాల్. చెరకు మొలాసిస్ నుంచి, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఈ ద్రవాన్ని పెట్రోలులో కలిపి అమ్ముతున్నారు. 2022లో దేశమంతటా సగటున 10 శాతం కలిపే స్థాయికి వచ్చారు. 20 శాతం కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగుళూరులో ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో అదే వచ్చింది. దీనినే ఇ-20 అంటున్నారు. తమకు ఇథనాల్ కలపని పెట్రోలును ఎంచుకొనే అవకాశం ఇవ్వాలంటూ వేసిన పిటిషనును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది.

దీని వల్ల మైలేజి తగ్గుతుందా? తగ్గుతుంది. ఎంత అన్నదే ప్రశ్న. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే ఇ-20లో శక్తి సుమారు 7 శాతం తక్కువ. 10 శాతం కలిపిన దానితో పోలిస్తే మూడున్నర శాతం చొప్పున తక్కువ. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళికలో కూడా పాత రకం కార్లకు 6, 7 శాతం దాకా, ఇ-20కి తగినట్లు సరిచేసిన కార్లకు ఒకటి, రెండు శాతం తగ్గుదల ఉండవచ్చునని రాశారు. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ. ఆ గుణాన్ని వాడుకొనేలా తయారైన ఇంజను కొంత నష్టాన్ని పూడ్చుకోగలదు.

అంటే 16 ఇచ్చే కారు ఇ-20 వల్ల పదిహేనున్నరకో, పదిహేనుకో దిగవచ్చు. పదికి మాత్రం దిగదు. తప్పంతా ఇథనాల్ మీద తోసి చేతులు దులుపుకొంటే మిగిలిన ఖర్చు ఎక్కడ పోతున్నదో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ యజమాని చేయవలసింది ఒకటే. ఆయిలు మూత లోపలివైపు అంటించిన చీటీ చూడాలి, కారుతో ఇచ్చిన పుస్తకం చదవాలి. కారు ఏ పెట్రోలుకు తయారైనదీ, ఎంత ఆక్టేన్ కావలసినదీ అందులో ఉంటుంది. 2023 ఏప్రిల్ తరువాతి కార్ల భాగాలు ఇ-20ని తట్టుకొనేలా ఉండాలన్నది ప్రణాళిక. అంతకు ముందు కొన్న కారయితే కంపెనీని కాగితం మీద అడిగి జవాబు రాయించుకోవడం మంచిది.

కారును ఎక్కువ కాలం కదపకుండా ఉంచేవారికి మరొక హెచ్చరిక. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం దగ్గరగా ఉన్న మన జిల్లాలో తేమకు కొదువ లేదు. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు మాత్రమే బయటకు తీసే కారులో నెలల తరబడి పాత పెట్రోలు నిలవ ఉంచరాదు.

లెక్క వేస్తే ఇదీ సంగతి

రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఒక కారును తీసుకుందాం. కాగితం ప్రకారం లీటరుకు 16 అయితే నెలకు 37.5 లీటర్లు చాలు. నిజంగా వస్తున్నది 10 అయితే 60 లీటర్లు అవుతున్నది. తేడా 22.5 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున వేసుకున్నా నెలకు రెండున్నర వేల రూపాయల చిల్లు. డ్రైవరు ఎత్తుకుపోయాడని అనుకొనేది ఈ ఆయిలునే.

ఇప్పుడు ఆ 22 లీటర్లను వెతకాలి. రోజుకు 20 నిమిషాలు ఏసీతో నిలబెట్టి ఉంచితే, గంటకు లీటరున్నర చొప్పున, రోజుకు అర లీటరు, నెలకు 15 లీటర్లు. రోజుకు పదిసార్లు స్పీడు బ్రేకర్ల దగ్గర గట్టిగా ఆపి లేపితే నెలకు 6 లీటర్లు. ఇథనాల్ పెరిగినందుకు లీటరు పైచిలుకు. టైర్లలో గాలి తగ్గినందుకు అర లీటరు. మొత్తం 22 లీటర్లు దాటింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు ఆయిలంతా కళ్లెదుటే ఖర్చయింది. ఎవరూ దొంగిలించలేదు.

ఇది ఉజ్జాయింపు లెక్కే. ఒక్కొక్క కారుకు అంకెలు మారతాయి. కాని ఎక్కువ భాగం నిలబెట్టి తాగించిన ఆయిలే అన్న సంగతి ఊళ్లో తిరిగే కార్లలో చాలావాటికి వర్తిస్తుంది. ఇందులో డ్రైవరు చేతిలో ఉన్నది కొంత, యజమాని మాటలో ఉన్నది కొంత.

రోగమే అయితే మందు ఏది?

పెద్ద రోడ్డు పరీక్షలోనూ మైలేజి రాని కార్లకు మాత్రం వైద్యం కావలసిందే. అందులోనూ ఒక వరుస ఉన్నది. ఖర్చు లేనిది ముందు, ఖర్చయ్యేది తరువాత.

మొదటిది గాలి. చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరకముందు, డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉన్న అంకె ప్రకారం టైర్లలో గాలి ఉండాలి. నాలుగు టైర్లలో ఒక్కొక్క పౌను తగ్గితే మైలేజి సుమారు 0.2 శాతం తగ్గుతుంది. పది పౌన్లు తగ్గినా పోయేది 2 శాతమే. కాని టైరు పేలితే పోయేది ప్రాణం. అందుకైనా గాలి చూసుకోవాలి.

రెండవది పట్టేసిన బ్రేకు. కొద్ది దూరం నడిపిన తరువాత నాలుగు చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే ఒక చక్రం వద్ద మాత్రం సెగ కొడుతుంది. జాకీ ఎత్తి తిప్పితే ఆ చక్రం బరువుగా తిరుగుతుంది. మీటతో పడే చేతి బ్రేకు ఉన్న కార్లలో వెనుక చక్రాలను ప్రత్యేకంగా చూడాలి. చక్రాల వరుస తప్పి, టైరు ఒకవైపే అరుగుతున్నదేమో కూడా గమనించాలి.

మూడవది ఇంజను వేడి. లోపలి థర్మోస్టాట్ తెరుచుకొని ఉండిపోతే ఇంజను కావలసినంత వేడెక్కదు. ఇంకా చలిగా ఉన్నదని భ్రమపడి కంప్యూటరు ఎక్కువ పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. ఎంత తిప్పినా వేడి ముల్లు మధ్యకు రాకపోతే ఇదే అనుమానించాలి.

నాలుగవది పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు. పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలినదీ చూసి పెట్రోలు పెంచాలో తగ్గించాలో ఇంజనుకు చెప్పేది ఇదే. ఇది పూర్తిగా పాడయితే మైలేజి బాగా దెబ్బతినవచ్చు. స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు స్కానరు తగిలిస్తే దీని సంగతి, గాలి కొలిచే సెన్సారు సంగతి బయటపడతాయి. కంప్యూటరు తనంతట తాను పెట్రోలును ఎంత శాతం పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో కూడా స్కానరు చూపుతుంది. ఆ అంకె ఎప్పుడు చూసినా పది శాతం దాటి ఉంటే లోపల ఎక్కడో లోపం ఉన్నట్లు. ఇంజను దీపం వెలగనంత మాత్రాన అంతా బాగున్నదని అనుకోరాదు.

అయిదవది బ్యాటరీ. కారు ఆగగానే ఇంజను ఆగి, కాలు తీయగానే మళ్లీ లేచే ఏర్పాటు ఈ కార్లలో ఉంటుంది. బ్యాటరీ బలహీనపడితే ఆ ఏర్పాటు పని చేయడం మానుకుంటుంది. ఆపవలసిన ఇంజను ఆగదు. మొదట ఆగుతూ ఇప్పుడు ఆగడం మానిన కారుకు ముందుగా బ్యాటరీ పరీక్ష చేయించాలి.

మైలేజి రావడం లేదనగానే ఎయిర్ ఫిల్టరు మార్చమనడం పాత అలవాటు. కార్బురేటరు ఉన్న రోజుల్లో అందులో నిజం ఉన్నది. ఇప్పటి ఇంజన్లలో మురికి ఫిల్టరు వల్ల జోరు తగ్గుతుందే గాని మైలేజి దాదాపు తగ్గదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లోనే పరీక్షించి తేల్చింది. ఫిల్టరు మార్చవలసిన గడువులో మార్చాలి. మైలేజికి మందుగా మాత్రం కాదు. ఇంజను ఆయిలు విషయంలో కూడా పుస్తకంలో రాసిన పలుచని రకమే పోయాలి. చిక్కటిది మంచిదని పోయిస్తే ఇంజను ఈదవలసి వస్తుంది.

బంకులో అడిగే హక్కు

బంకు మీద అనుమానం ఉంటే గొణగనక్కరలేదు. ప్రభుత్వ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి. వినియోగదారు అడిగితే అందులో పోసి చూపాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టరు కాగితం పరీక్ష, సాంద్రత పరీక్ష అడగవచ్చు. తేడా వస్తే తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది.

కంపెనీ చెప్పిన అంకెకూ, వచ్చే అంకెకూ మరీ తేడా ఉంటే వినియోగదారుల కమిషను ఉన్నది. కేరళలో త్రిసూరుకు చెందిన ఒక మహిళ 2014లో డీజిలు కారు కొన్నారు. ప్రకటనలో లీటరుకు 32 కిలోమీటర్లని ఉన్నది. కమిషను నియమించిన నిపుణుని పరీక్షలో 19.6 మాత్రమే వచ్చింది. 2022లో ఆమెకు 3 లక్షల రూపాయల పరిహారం, పైన ఖర్చులు ఇవ్వవలసిందిగా జిల్లా కమిషను తీర్పు చెప్పింది. అక్కడ ఆమెను గెలిపించింది కోపం కాదు, కొలత. రాసుకున్న లెక్క, నిపుణుని పరీక్ష లేకుండా ఇలాంటి కేసులు నిలబడవు.

ఎవరేమి చేయాలి?

బంకుల్లో అమ్మే పెట్రోలులో ఇథనాల్ ఎంత ఉన్నదీ పంపు మీద తెలుగులో, కనిపించే అక్షరాలతో రాయించాలి. తూనికలు, కొలతల శాఖ అధికారులు పట్టణాల బంకులతో ఆగకుండా నెల్లిమర్ల వంటి చోట్ల కూడా తరచు తనిఖీలు జరపాలి. షోరూముల వారు ప్రయోగశాల అంకెతో పాటు ఊళ్లో ఎంత రావచ్చునో కూడా కొనేవారికి ముందే చెప్పడం న్యాయం. స్కానరు పరీక్ష చేసిన తరువాత ఆ కాగితం యజమాని చేతికి ఇవ్వాలి.

ఇక యజమానులు చేయవలసినది పది రూపాయల ఖర్చుతో అయిపోతుంది. కారులో ఒక పుస్తకం పెట్టాలి. తేదీ, మీటరు అంకె, పోయించిన లీటర్లు, ఆ రోజు ఇంజను ఆపకుండా నిలబెట్టిన సమయం. ఈ నాలుగూ డ్రైవరు చేత రాయించి వారానికి ఒకసారి ఇద్దరూ కలిసి చూసుకోవాలి. నింపించేటప్పుడు వీలయితే యజమాని కూడా పక్కన ఉండాలి. రెండు నెలలు అలా రాస్తే కారు రోగమో, ఏసీ ఖర్చో, బంకు తేడానో ఆ పుస్తకమే చెబుతుంది. డ్రైవరు తప్పు నిజంగా ఉంటే అది కూడా అందులోనే తేలుతుంది. లేకపోతే ఒక కుటుంబానికి అన్నం పెట్టే పని, ఒక మనిషి మంచిపేరు నిలబడతాయి. ఆయిలు పోతే మళ్లీ కొట్టించుకోవచ్చు. పోయిన పేరును ఏ బంకులోనూ పోయరు.